మెదడు రక్తనాళంలో 70 శాతం ఇరుకు ఉందట, స్టెంట్ వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గూడూరు దగ్గర నిమ్మతోట చూసుకుంటారు. పోయిన వారం చెన్నై షోళింగనల్లూరులోని మా ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున కాఫీ తాగుతుండగా కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. 20 నిమిషాల్లో అంతా సర్దుకుంది. ఎంఆర్ఐలో మెదడు ఎడమవైపు పైపొరలో మూడు చిన్న మచ్చలు, ఎడమ మిడిల్ సెరిబ్రల్ ధమనిలో 70 శాతం ఇరుకు ఉన్నాయని రాశారు. ఒక ఆసుపత్రిలో వెంటనే స్టెంట్ వేయాలన్నారు. మరో డాక్టరు మందులు చాలన్నారు. మా మామయ్యకు గుండెలో రెండు స్టెంట్లు వేశారు, హాయిగా తిరుగుతున్నారు. కంపెనీ ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఎవరి మాట వినాలి? నాన్నగారేమో తోటకు వెళ్లిపోతానంటున్నారు.

సమాధానం: మందులు చాలన్న డాక్టరు మాట వినండి. కారణం కాస్త పొడుగ్గానే చెబుతాను. ఎందుకంటే ఆదివారం మీ ఇంట్లో నలుగురూ చేరి "మామయ్యకు వేశారుగా, నాన్నకు ఎందుకు వేయించవు?" అని అడుగుతారు. "డాక్టరు వద్దన్నారు" అంటే సరిపోదు, ఇంకో డాక్టరు వేయాలన్నారు కదా.

నేను చెన్నైలో నరాల వైద్యుడిగా 23 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు వాళ్లే. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగి, సెంట్రల్ దగ్గర ఆటో పట్టుకుని, ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని వస్తారు. కుర్చీలో కూర్చోకముందే అడుగుతారు: "ఒక్కటే బ్లాకు కదండీ, తీసేస్తే పోదా?" గుండె విషయంలో విన్న మాటలన్నీ మెదడుకు అతికించుకుని వస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. ఒకప్పుడు మేమూ అలాగే అతికించుకున్నాం.

ముందు మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగాలి. "సర్దుకుంది" అన్నారు. చేయి, మాట సర్దుకున్నాయి. మెదడు సర్దుకోలేదు. ఎంఆర్ఐలో కొత్త మచ్చలు కనిపించాయంటే అక్కడి కణాలు చనిపోయాయని అర్థం. లక్షణాలు ఎంత త్వరగా పోయినా దాన్ని మేము స్ట్రోక్, అంటే పక్షవాతం అనే అంటాం. మచ్చలు చిన్నవి, చోటు మంచిది, అదృష్టం బాగుంది, అంతే. ఇలాంటి దాడి తర్వాత మళ్లీ వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనూ, ఆ పైన మొదటి కొన్ని వారాల్లోనూ అన్నిటికంటే ఎక్కువ. ఇద్దరు డాక్టర్ల మధ్య తేల్చుకోలేక ఇంకా ఏ మందూ మొదలుపెట్టకుండా ఉంటే, ఇది చదవడం ఆపి ఆ పని చూడండి. స్టెంట్ వేసినా వేయకపోయినా ఆ మాత్రలు ఎలాగూ తప్పవు.

మెదడు బరువు మన శరీరంలో 2 శాతం. అది వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. నిల్వ చేసుకునే అలవాటు దానికి లేదు, ఏ నిమిషానిది ఆ నిమిషమే అందాలి. అలా అందించే పెద్ద గొట్టాల్లో మీ నాన్నగారికి ఇరుకైనది ముఖ్యమైనది. మాట, కుడిచేయి, కుడికాలు చాలావరకు దాని కిందికే వస్తాయి. దాని మామూలు వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. ఏళ్ల తరబడి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కలిసి గోడ లోపల కొవ్వు మేటను పెంచుతాయి. తెల్లజాతి వారిలో ఈ మేట ఎక్కువగా మెడలోని ధమనిలో పడుతుంది. మనలో, చైనా జపాన్ వాళ్లలో పుర్రె లోపలి ధమనుల్లో పడటం ఎక్కువ. మెడలో ఇరుకైతే కోసి శుభ్రం చేసే ఆపరేషన్ ఉంది, 70 శాతం దాటి లక్షణాలు కూడా ఉన్నవారికి అది మేలు చేస్తుందని 1991లోనే రుజువైంది. ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ఎక్కువగా కనిపించేది ఆ కథే. మీ నాన్నగారిది ఆ కథ కాదు.

ఇరుకు వల్ల పక్షవాతం వచ్చే దారులు మూడు. ఆ మేట పగిలి, దాని మీద రక్తపు గడ్డ కట్టి, ముక్కలు రాలి ముందున్న సన్నని కొమ్మల్లో ఇరుక్కోవడం ఒకటి. ఇరుకు మరీ ఎక్కువై, బీపీ పడిపోయినప్పుడు చివరి పొలానికి నీరు అందనట్టు మెదడులోని సరిహద్దు ప్రాంతాలు ఎండిపోవడం రెండోది. కాలువ చివరి మడి సంగతి మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. ఇక మూడోది, ఈ పెద్ద ధమని గోడలోంచే వెంట్రుకల్లాంటి చిన్న నాళాలు మెదడు లోతుల్లోకి పుట్టుకొస్తాయి. కొవ్వు మేట పాకి వాటి మూతిని మూసేస్తుంది. మచ్చలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే ఏ దారో చాలావరకు చెప్పవచ్చు. పైపొరలో అక్కడొకటి ఇక్కడొకటి చెదిరిన చిన్న మచ్చలంటే సాధారణంగా మొదటి దారి. అంటే ఇక్కడ అసలు శత్రువు ఇరుకు కంటే ఎక్కువగా ఆ పగిలిన, రాలుతున్న మేట. దాన్ని చల్లబరచాలి, దాని మీద గడ్డ కట్టకుండా చూడాలి. ఆ రెండూ మాత్రలు చేసే పనులు.

మరి గుండెకు స్టెంట్ వేసినట్టు ఇక్కడ వేస్తే ఏం? గుండె ధమని కూడా దాదాపు 3 మిల్లీమీటర్లే కదా అని మా విద్యార్థులే అడుగుతారు. వెడల్పు ఒకటే అయినా గోడ ఒకటి కాదు. గుండె ధమని చుట్టూ కండరం, కొవ్వు ఆసరాగా ఉంటాయి. మెదడు ధమని గోడ పలుచన, దాని బయటి సాగే పొర ఉండదనే చెప్పాలి, పైగా అది నీటిలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. అక్కడికి వెళ్లే దారిలో ధమని పాము మెలికలు తిరుగుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇందాక చెప్పిన వెంట్రుకల నాళాలు. స్టెంటును విప్పినప్పుడు అది మేటను గోడకేసి నొక్కుతుంది. ఆ మేట పక్కకు జరిగి వాటి మూతుల మీద పడుతుంది. దారి వెడల్పవుతుంది, పక్క సందులు మూసుకుపోతాయి. ఫిల్ములో ధమని అద్భుతంగా తెరుచుకుని కనిపిస్తుంది, మనిషికి మాత్రం చేయి పడిపోయి ఉంటుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో శాంప్రిస్ అనే పరీక్ష జరిగింది. 70 నుంచి 99 శాతం ఇరుకు ఉండి, ఇటీవలే స్ట్రోక్ గానీ తాత్కాలిక దాడి గానీ వచ్చినవారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు గట్టి మందులు, మరో జట్టుకు అవే మందులతో పాటు స్టెంటు. 764 మందిని తీసుకోవాలనుకున్నవారు 451 మంది దగ్గరే 2011 ఏప్రిల్‌లో ఆపేశారు. కారణం, 30 రోజుల్లోపు స్ట్రోక్ వచ్చినవారు లేదా మరణించినవారు స్టెంటు జట్టులో 14.7 శాతం, మందుల జట్టులో 5.8 శాతం. ఏడాదికి చూసినా 20 శాతం ఒకవైపు, 12.2 శాతం మరోవైపు. మొదట్లో దెబ్బ తగిలినా తర్వాత స్టెంటు కాపాడుతుందేమోనని ఎదురుచూసినవారికి ఆ ఆశా తీరలేదు. 2015లో మరో పరీక్ష కూడా స్టెంటు నష్టమే చేస్తుందని చూపింది. చైనాలో బాగా చేయి తిరిగిన వైద్యులే చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో నష్టం తగ్గింది, లాభం మాత్రం కనిపించలేదు.

2011కి ముందు నేను కూడా కొందరిని స్టెంటుకు పంపాను. అందులో ఒక బడి మాస్టారు. నడుచుకుంటూ వెళ్లారు, బల్ల మీదనుంచి దిగేసరికి మాట లేదు. ఆ తర్వాత ఆరేళ్లు నా దగ్గరికే వచ్చారు, ప్రతిసారీ ఎడమచేత్తో నమస్కారం పెట్టేవారు. ఎక్కడ చేశారు, ఎవరు చేశారు అన్నది ఇక్కడ విషయం కాదు, పంపింది నేను. అందుకే ఎవరైనా "వెంటనే వేయాలి" అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

అలాగని ఎవరికీ వద్దని కాదు. మందులన్నీ సరిగ్గా వాడుతూ, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉండి కూడా, అదే ధమని పరిధిలో మళ్లీ మళ్లీ స్ట్రోక్ వచ్చేవారు కొందరు ఉంటారు. లేచి నిలబడితే చాలు చేయి వణికి బలం పోయేవారు ఉంటారు, అది రక్తం నిజంగానే చాలడం లేదన్న గుర్తు. అలాంటివారికి, చివరి దాడి తర్వాత కనీసం వారం గడిచాక, ఈ పని తరచుగా చేసే చేతుల్లో స్టెంటు వేయవచ్చు. అలా గట్టిగా ఏరుకుని 152 మందికి వేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి 72 గంటల్లో స్ట్రోక్ లేదా మరణం 2.6 శాతమే. ఎవరికి, ఎప్పుడు అన్న రెండు ప్రశ్నల్లోనే తేడా అంతా ఉంది. స్టెంటు లేకుండా చిన్న బెలూన్‌తో, పూర్తిగా కాకుండా కొంచెమే తెరిచే పద్ధతి కూడా వచ్చింది, 2024లో చైనా నుంచి వచ్చిన ఫలితాలు దానికి అనుకూలంగానే ఉన్నాయి. నేను దాని మీద కన్ను వేసి ఉంచాను, ఇంకా మొదటి మెట్టుగా వాడటం లేదు. మీ నాన్నగారికి ఇది మొదటి దాడి, ఇంకా మందులు వాడి చూడనే లేదు. ఆయన ఈ కోవలోకి రారు.

ఆ 70 అంకె సంగతి కూడా చెప్పాలి. ఎంఆర్ఐ యంత్రంతోనే రక్తనాళాల బొమ్మ తీసే మామూలు ఎంఆర్ యాంజియోలో రక్తం మెల్లగా, సుడులు తిరుగుతూ పోయేచోట బొమ్మ చెరిగిపోతుంది, ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. 80 అని రాసి ఉన్న రిపోర్టులు సీటీ యాంజియోలో 50 దగ్గర తేలడం నేను చూశాను. నిఖార్సయిన కొలత కావాలంటే తొడ లేదా మణికట్టు నుంచి సన్నని గొట్టం పంపి తీసే యాంజియో ఒక్కటే. మందులతోనే నడుస్తామంటే దాని అవసరం రాకపోవచ్చు, సీటీ యాంజియో ఒకటి తీయించండి. దాంతో పాటు మెడ ధమనులు, గుండె ఎకో, కనీసం ఒక రోజంతా గుండె లయను రాసే పరీక్ష చేయించారో లేదో చూడండి. ఇరుకు కనబడగానే అందరూ దాని మీదే పడిపోతారు. గుండె పై గదులు గతి తప్పి కొట్టుకుంటూ అక్కడినుంచి గడ్డలు వస్తుంటే మందే మారిపోతుంది.

ఇప్పుడు మాత్రలు. ఇరుకు నిజంగా 70 దాటితే సాధారణంగా గడ్డ కట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి 90 రోజులు, ఆ తర్వాత ఒక్కటే, జీవితాంతం. రెండూ ఏళ్ల తరబడి వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది తప్ప మేలు పెరగదు. నా దగ్గరికి నాలుగేళ్లుగా రెండూ మింగుతున్నవారు వస్తారు, 90 రోజులు కాగానే రెండూ మానేసినవారూ వస్తారు. చీటీ మీద ఏది ఏ తేదీన ఆపాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. రక్తాన్ని పలచబరిచే ఇంకో మందు వార్ఫరిన్ ఉంది, దాన్ని అడగకండి. అది ఈ జబ్బులో ఆస్పిరిన్ కంటే మెరుగు కాదని, రక్తస్రావం మాత్రం ఎక్కువని 2005లోనే తేలింది.

ఈ మాత్రలతో పాటు మన దగ్గర తప్పకుండా ఒక గ్యాస్ మాత్ర రాస్తారు. రాయడం తప్పు కాదు, కడుపుకు అవసరమే. కాకపోతే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అనేవి క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. మందుల షాపులో "అదే కంపెనీది లేదు, ఇది కూడా గ్యాస్‌కే" అని మార్చి ఇచ్చేస్తారు, స్ట్రిప్పు వెనక పేరు చదవండి. పుట్టుకతోనే క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయని శరీరతత్వం కూడా మనవాళ్లలో తక్కువేమీ కాదు. మందు వాడుతుండగా మళ్లీ లక్షణాలు వస్తే దాని గురించి మీ డాక్టరు ఆలోచిస్తారు.

పన్ను సంగతి మరచిపోకండి. రెండేళ్ల క్రితం ఒకాయన పన్ను తీయించుకోవడానికి రక్తం పలచబడే మాత్రలు వారం ముందే ఆపారు, ఆపమన్నారట. పన్ను తీయకముందే కుడివైపు పడిపోయింది. ఒక పన్ను తీయడానికి ఆస్పిరిన్ ఆపాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు, పంటి డాక్టరు గాజుగుడ్డతో అదిమి పట్టి రక్తం ఆపగలరు. ఎవరు ఆపమన్నా ముందు మీ నరాల డాక్టరుకు ఒక ఫోను చేయండి.

బీపీ విషయంలో ఇంట్లో ఒక వాదన పుడుతుంది: నాళం ఇరుకు కదా, బీపీ కొంచెం ఎక్కువ ఉంటేనే రక్తం దూసుకుపోతుంది కదా అని. కొందరు వైద్యులు కూడా అలాగే అనుకునేవారు. లెక్కలు తీస్తే, ఇరుకు ఉన్నవారిలోనూ బీపీ ఎక్కువగా ఉన్నవారికే స్ట్రోక్‌లు ఎక్కువ వచ్చాయి. దాడి జరిగిన మొదటి కొద్ది రోజులు మేము బీపీని కాస్త వదిలేస్తాం, ఆ తర్వాత మెల్లగా పై అంకెను 140 లోపుకు తెస్తాం. చెడు కొలెస్ట్రాల్ 70 లోపు ఉండాలి. దానికి అటోర్వాస్టాటిన్ వంటి మాత్ర పెద్ద మోతాదులోనే పడుతుంది. రిపోర్టు మామూలుగా వచ్చిందని దాన్ని ఆపేయకండి, అది మామూలుగా వచ్చింది మాత్ర వల్లే. ఈ మాత్ర కొవ్వు తగ్గించడంతో ఆగదు, పగిలే మేటను గట్టిపరుస్తుంది. ఏడాది తర్వాత సీటీ తీస్తే ఇరుకు తగ్గినవారిని కూడా చూశాను. అందరికీ తగ్గుతుందని హామీ ఇవ్వను. మూడు నెలల షుగర్ సగటు 7 దగ్గరికి రావాలి, పొగ తాగుతుంటే పూర్తిగా మానాలి, ఈ రెండింటి గురించి మీరు వినే ఉంటారు.

ఉప్పు గురించి చెబితే మనవాళ్లకు కోపం వస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు, అదీ అన్నిటిలో కలిపి. ఆవకాయ, అప్పడం, ఎండుచేప మూడూ ఒకే పూట పళ్లెంలో ఉంటే ఆ లెక్క మధ్యాహ్నానికే అయిపోతుంది. మీ అమ్మగారిని వంట మార్చమని ఆజ్ఞాపించకండి, పచ్చడి సీసా బల్ల మీదనుంచి అలమరలోకి మార్చమనండి. నా అనుభవంలో అది పనిచేస్తుంది. నడక మాత్రం గట్టిగా పట్టుకోండి. శాంప్రిస్ మందుల జట్టులో ఎవరు బాగున్నారని తరువాత వెతికితే, ఒంటిని కదిలించినవారు అందరికంటే ముందున్నారు. మీ ఇన్సూరెన్స్ స్టెంటుకు లక్షలు ఇస్తుంది, ఈ మాత్రలకు, నడకకు ఏమీ ఇవ్వదు. అందువల్ల స్టెంటే గొప్ప వైద్యమని అనిపిస్తుంది. జన్ ఔషధి దుకాణంలో ఈ మాత్రలన్నీ చవకగా దొరుకుతాయి, చవక కాబట్టి చిన్నచూపు చూడకండి.

మళ్లీ దాడి వస్తే అది వేరే సంగతి, అప్పుడు నేను ఇంతసేపు చెప్పిన నిదానం పనికిరాదు. నోరు వంకర పోవడం, చేయి వాలిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూసి, చివరిసారి మామూలుగా ఉన్న సమయం రాసుకుని 108కి ఫోను చేయండి. తగ్గుతుందేమోనని కూర్చోకండి, పోయిన వారం తగ్గింది కదా అన్న ధైర్యం అసలు వద్దు. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే. పెద్ద నాళం మూసుకుపోతే గొట్టంతో గడ్డను లాగేసే వైద్యం, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు చేయవచ్చు. ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి, అది రక్తస్రావమో కాదో సీటీ తీయకుండా ఎవరూ చెప్పలేరు. నాలుక కింద బీపీ మాత్ర పెట్టకండి. నోట్లో నీళ్లు పోయకండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం రాయించడానికో, నాటు మందు కోసమో తీసుకెళ్లి మూడో రోజు మా దగ్గరికి తెచ్చినవారిని లెక్కపెట్టడం మానేశాను.

ఇక తోట. మాత్రలు మొదలై, పరీక్షలు పూర్తయి, రెండు మూడు వారాలు ఏ లక్షణమూ లేకుండా గడిస్తే పంపండి, నన్నడిగితే ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోబెట్టడం కంటే అదే నయం. మేలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండనివ్వకండి, ఒంట్లో నీరు తగ్గి బీపీ పడితే ఇరుకు నాళానికి అది మంచిది కాదు. ఏకాదశి ఉపవాసాలు ఉంటే నీళ్లు మాత్రం మానవద్దని, మాత్రలు ఆపవద్దని చెప్పండి. ఆయన బయలుదేరకముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది: గూడూరు నుంచి అన్నిటికంటే దగ్గరగా, రాత్రి రెండు గంటలకైనా సీటీ తీసి గడ్డ కరిగించే సూది వేయగల ఆసుపత్రి ఏదో ఫోన్లు చేసి కనుక్కోండి. అది నెల్లూరులోనా, తిరుపతిలోనా అన్నది ఇప్పుడే తేలాలి. పేరు, నంబరు ఒక కాగితం మీద రాసి మోటారు షెడ్డు తలుపుకు అంటించండి. తోటలో పనిచేసే వారికి కూడా ఆ కాగితం చూపించండి, ఆ రోజు ఆయనకు మాట రాకపోవచ్చు.